మోకాళ్ల నొప్పి తగ్గాక వ్యాయామం మానేశారు.. నాన్నతో మళ్లీ ఎలా మొదలుపెట్టించాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నగారికి 72 ఏళ్లు, రిటైర్డ్ టీచర్. బీపీ ఉంది, మందులతో అదుపులోనే ఉంటోంది. మోకాళ్ల నొప్పులకు బరంపురంలో ఫిజియోథెరపిస్ట్ కుర్చీ వ్యాయామాలు నేర్పారు. రెండు నెలలు శ్రద్ధగా చేశారు, నొప్పి తగ్గింది. రథయాత్రకు చుట్టాలొచ్చినప్పుడు ఆపారు, అంతే. ‘రోజూ నడుస్తున్నాను కదా’ అంటారు. గట్టిగా చెప్తే విసుక్కుంటున్నారు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు

జవాబు: ఆయన్ని బద్ధకస్తులని అనుకోకండమ్మా. ఆ వ్యాయామాన్ని ఆయన నొప్పికి మందులా చూశారు. నొప్పి పోయింది, మందు ఆపేశారు. పెద్దవాళ్లలో చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. అందుకే మోకాళ్ల ఊసెత్తకుండా, ఆయన ఏ పని ఒకరి సాయం లేకుండా చేసుకోవాలనుకుంటున్నారో అడగండి. పాతపట్నం బస్సెక్కడమో, కింద కూర్చుని పూజ చేసుకుని లేవడమో, ఆయన నోటితోనే రావాలి.

నడక మంచిదే, మానొద్దు. కానీ తొడల బలానికి అదొక్కటే చాలదు. 65 దాటినవారు నడకతో పాటు వారానికి కనీసం 2 రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘ఈ వయసులో బలమేంటి’ అంటే ఈ సంగతి చెప్పండి. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో, సగటున 90 ఏళ్ల వృద్ధులతో 8 వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించారు. వాళ్ల కాళ్ల బలం రెండింతలు దాటింది. ఆపేశాక 4 వారాల్లోనే దాదాపు మూడో వంతు తగ్గిపోయింది.

రోజూ చేయమని వెంటపడకండి. సోమ, బుధ, శనివారాలు చాలు, 20 నిమిషాలు. పొద్దున్న టీ తాగాక, పేపరు పట్టుకోకముందే చేయాలని పెట్టుకోండి. ‘వీలున్నప్పుడు’ అనుకున్నది ఎప్పటికీ జరగదు. వీధిలో ఆయన ఈడువాళ్లు ఒకరిద్దరు కలిస్తే మరీ మంచిది. కూతురి మాటకు విసుక్కున్న మనిషి, స్నేహితుడు గుమ్మంలో నిలబడి పిలిస్తే కాదనలేరు.

చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించండి. పాదాలు మోకాళ్లకంటే కాస్త వెనక్కి, చేతులు గుండెలమీద. ఊపిరి వదులుతూ లేవాలి, మూడు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోవాలి. ధబ్బున కూలబడితే అది లెక్కలోకి రాదు. ఊపిరి బిగబడితే బీపీ పెరుగుతుంది, అది మాత్రం వద్దు. ఎన్నిసార్లు లేచి కూర్చున్నా, ఆఖరి రెండుసార్లు కష్టమనిపించాలి. 12 సార్లు సునాయాసంగా వస్తుంటే చెరో చేత్తో లీటరు నీళ్ల సీసా పట్టించండి. చాలా ఇళ్లలో ఇదే జరగదు, ఏడాదంతా అవే పది, అదే తేలిక. బలం పెరగదు, ఆసక్తీ పోతుంది. కిటికీ ఊచ పట్టుకుని మడమలెత్తడం, గోడకు చేతులానించి నెట్టడం కూడా చేర్చండి.

నెలకోసారి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చున్నారో క్యాలెండర్‌ మీద ఆయన చేతే రాయించండి. 72 ఏళ్ల మగవారికి 12 కంటే తక్కువొస్తే పడిపోయే ముప్పు ఎక్కువని అర్థం. ఆ అంకె పెరగడం చూస్తే మీరు గుర్తుచేయాల్సిన పని చాలావరకు తప్పుతుంది. ఇంకో మాట, చెంబెడు నీళ్లకు కూడా ‘మీరు కూర్చోండి నాన్నా’ అంటున్నారా? అది ఆపండి.

కండరాలకు మాంసకృత్తులూ కావాలి. చోడి (రాగి) అంబలి ఒక్కదానితో సరిపెట్టకుండా పప్పు, ఉలవలు, గుడ్డో చేపో, పెరుగో ప్రతి పూటా ఏదో ఒకటి ఉండాలి. కిడ్నీ జబ్బుంటే మాత్రం వైద్యుణ్ని అడిగాకే పెంచండి.

మళ్లీ మొదలుపెట్టేముందు ఒకసారి బీపీ చూపించండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేనంత ఆయాసం వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మర్నాడు తొడలు కాస్త పట్టేసినట్టుంటే భయం లేదు, మోకాలు వాస్తే ఫిజియోథెరపిస్ట్‌కు చూపించాలి. పండగకో, జ్వరానికో, పెళ్లికో వ్యాయామం మళ్లీ ఆగుతుంది. అప్పుడు ఏమీ అనకండి. చుట్టాలు వెళ్లిన మర్నాడే, మునుపటి లెక్కలో సగంతో కుర్చీ వేయండి.