వాట్సాప్‌లో వచ్చిన ఆర్బిట్రేషన్ నోటీసును వదిలేయవచ్చా?

ప్రశ్న: టైలరింగ్ షాపు కోసం ఒక ఫైనాన్స్ కంపెనీ నుంచి ఫోన్‌లోనే రూ.2 లక్షల అప్పు తీసుకున్నాను. నాలుగు వాయిదాలు తప్పాయి. ముంబైలో ఆర్బిట్రేటర్‌ను పెట్టామని, వీడియో విచారణకు రమ్మని వాట్సాప్‌లో లింకు పంపారు. కోర్టు సమన్లు కావు గదా, ఊరుకుంటే ఏమవుతుంది? - ఒక సోదరి, కావలి

జవాబు: అమ్మా, దయచేసి ఊరుకోకండి. మీరు ఓటీపీ చెప్పి ఒప్పుకున్న అప్పు పత్రంలో ఆర్బిట్రేషన్ షరతు (తగాదాను కోర్టు బయట ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి తేల్చాలన్న షరతు) ఉంటే, కాగితం మీద సంతకం లేదన్న కారణంతో అది చెల్లకుండా పోదు. 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టానికి 2015లో చేసిన సవరణ ఎలక్ట్రానిక్ మార్గంలో కుదిరిన ఒప్పందాన్ని కూడా రాతపూర్వక ఒప్పందంగానే పరిగణిస్తుంది. మీరు హాజరు కాకపోయినా 25వ సెక్షన్ ప్రకారం ఆర్బిట్రేటర్ విచారణ సాగించి అవార్డు, అంటే తన తీర్పు, ఇవ్వవచ్చు. గడువులోగా దానిని సవాలు చేయకపోతే, కోర్టు డిక్రీ మాదిరే ఈపీ (అమలు పిటిషన్) వేసి మీ ఆస్తి జప్తుకు రావచ్చు. అయితే నకిలీ నోటీసులు కూడా తిరుగుతున్నాయి కనుక, లింకు నొక్కేముందు మీ లోన్ ఖాతా నంబరు సరిచూసుకొని, కంపెనీ శాఖలో అడిగి నిర్ధారించుకోండి. అరెస్టు చేయిస్తామని అందులో ఉంటే నమ్మకండి, ఆర్బిట్రేటర్‌కు ఆ అధికారం లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది "పెట్టామని" అన్న మాట. తగాదా ఫలితంతో లాభనష్టాలున్న పక్షం తానొక్కటే ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించరాదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కంపెనీ తానొక్కటే ఆర్బిట్రేటర్‌ను పెట్టి ఉంటే, ఈ అభ్యంతరాన్ని నోటీసు పంపినవారికి, ఆర్బిట్రేటర్‌కు ఈమెయిలులో వెంటనే తెలియజేసి, నకలు దాచుకోండి. విచారణకు హాజరైనంత మాత్రాన మీ హక్కు పోదు గాని, తెర మీద "ఈ ఆర్బిట్రేటర్ నాకు సమ్మతమే" అన్న గడి కనిపిస్తే మాత్రం టిక్కు పెట్టకండి. తగాదా వచ్చిన తర్వాత స్పష్టంగా రాసి ఇచ్చిన సమ్మతితో ఆ అభ్యంతరాన్ని వదులుకున్నట్లవుతుంది.

ఒకవేళ అవార్డు వచ్చేస్తే, దాని ప్రతి మీకు అందిన నాటి నుంచి మూడు నెలల్లో 34వ సెక్షన్ కింద రద్దు కోరవచ్చు. తగిన కారణం చూపితే మరో 30 రోజులు ఇస్తారు, ఆ పైన ఒక్క రోజు కూడా దొరకదు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ స్థానం ముంబై అని ఉంటే ఆ పిటిషన్ కూడా అక్కడే వేయాలి, అందుకే ఇప్పుడే మేలుకోమంటున్నాను.

బాకీ నిజమే అయితే, కట్టగల మొత్తాన్ని రాసి రాజీ ప్రతిపాదన కూడా పంపండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నెల్లూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వాట్సాప్ సందేశాన్ని చెరిపేయకుండా, తేదీ, సమయం కనబడేలా ప్రింటు తీయించి వెంట తీసుకెళ్లండి.