సింగపూర్‌లో సామాన్యుడికి సొంతిల్లు ఎలా అందింది?

ముందు భూమి చేతికొచ్చింది, ఇళ్లు ఆ తర్వాత. చాలామంది అక్కడి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ (హెచ్‌డీబీ, 1960లో ఏర్పడింది) కట్టిన అపార్ట్‌మెంట్ల గురించే చెబుతారు గానీ, నా దృష్టిలో అసలు కీలకం 1966 నాటి భూసేకరణ చట్టం. దాంతో ప్రభుత్వం చవగ్గా భూమి తీసుకుంది. మార్కెట్ రేటు ఎంత పెరిగినా 1973 నాటి ధరను మించి పరిహారం ఇవ్వని రోజులూ ఉన్నాయి. భూమి పోగొట్టుకున్నవాళ్లకు అది అన్యాయమే.

డబ్బు సంగతికొస్తే, 1968 నుంచి ఉద్యోగులు తమ భవిష్య నిధి (మన పీఎఫ్ లాంటిదే) సొమ్ముతో ఈ ఫ్లాట్లు కొనుక్కునే వీలు కల్పించారు. కొన్నవాళ్లు మామూలుగా కనీసం ఐదేళ్లు అందులో ఉండాలి, వెంటనే లాభానికి అమ్ముకోవడం కుదరదు. ఇప్పుడు అక్కడి స్థానిక జనాభాలో దాదాపు 80 శాతం ఈ ఇళ్లలోనే ఉంటున్నారు.

మనమూ అలా చేయొచ్చుగా అంటారా? మన 2013 భూసేకరణ చట్టం ప్రకారం పట్టణాల్లో మార్కెట్ విలువకు రెట్టింపు, పల్లెల్లో నాలుగు రెట్ల దాకా చెల్లించాలి. రైతుకు అదే న్యాయం. కానీ ఆ లెక్కతో సింగపూర్ ధరలు రావు. ఇంకో మెలిక, అక్కడ ‘సొంతం’ అంటే 99 ఏళ్ల లీజు మాత్రమే.