‘చిల్లర్ పార్టీ’ చూసిన పిల్లవాడు కుక్కపిల్లను తెచ్చాడు

ప్రశ్న: సెలవుల్లో మా ఎనిమిదేళ్ల అబ్బాయి వాళ్ల పెదనాన్నగారింట్లో ‘చిల్లర్ పార్టీ’ అనే హిందీ సినిమా చూసి వచ్చాడు. అప్పటి నుంచి వీధిలో కనబడిన ప్రతి కుక్కనూ ‘భిడూ’ అని పిలుస్తున్నాడు. మొన్న ఒక కుక్కపిల్లను తెచ్చి అపార్ట్‌మెంటు సెల్లారులో గోనెపట్టా పరిచి పడుకోబెట్టాడు. సంఘం వారు వెంటనే తీసేయమన్నారు. వాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఇటువంటి సినిమాలు చూపించడం మాదే తప్పంటారా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: తప్పు కాదమ్మా. 2011 జూలైలో విడుదలైన ఆ చిత్రానికి నితేష్ తివారీ, వికాస్ బహల్ కలిసి దర్శకత్వం వహించారు. ఆ ఏడాది ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ పురస్కారం దానికే వచ్చింది. స్క్రీన్‌ప్లేకూ, నటించిన పిల్లల బృందానికీ కూడా పురస్కారాలు దక్కాయి. పురస్కారాల మాట అటుంచి, మీ అబ్బాయి అందులో ఏం చూశాడో ఒకసారి గుర్తు చేసుకుందాం. ముంబైలో చందన్ నగర్ అనే కాలనీ. అక్కడి పిల్లలందరికీ మారుపేర్లే: అన్నీ తెలిసినవాడు ‘ఎన్‌సైక్లోపీడియా’, ఎప్పుడూ చెడ్డీతోనే తిరిగేవాడు ‘జాంగియా’. ఆ కాలనీలో కార్లు తుడిచే పనికి ఫట్కా అనే దిక్కులేని పిల్లవాడు తన కుక్క భిడూను వెంటబెట్టుకుని వస్తాడు. మొదట వీళ్లిద్దరినీ వెళ్లగొట్టాలని నానా తంటాలూ పడేది ఆ పిల్లలే. ఆ తర్వాత స్నేహం కుదురుతుంది, క్రికెట్ జట్టులో ఫట్కా కూడా చేరతాడు. ఇంతలో ఒక మంత్రిగారి ఆగ్రహం కారణంగా వీధికుక్కలను పట్టుకుపోయే పరిస్థితి వచ్చి, భిడూను కాపాడుకోవడానికి పిల్లలు ఇంటింటికీ తిరిగి పెద్దల సంతకాలు అడుగుతారు. చివరికి చెడ్డీలతో ఊరేగింపు కూడా తీస్తారు.

కథలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఆ సంతకాల ఘట్టమే. ఏడ్చి సాధించుకోవడం, అలిగి సాధించుకోవడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ఒక కాగితం పట్టుకుని పెద్దవాళ్ల తలుపు తట్టి, ‘మీకు అభ్యంతరం ఏమిటో చెప్పండి’ అని అడగడం మాత్రం మన సినిమాల్లో పిల్లలు చేసే పని కాదు. అయితే ఒక చిన్న చిక్కు ఉంది. కుక్క వీధిలో ఉండాలా వద్దా అన్నది కాలనీవాసుల సంతకాల మీద ఆధారపడినట్లు చూపడం కథకుల సౌలభ్యమే తప్ప చట్టం కాదు. అప్పటికే అమలులో ఉన్న 2001 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కను పట్టుకుని, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్నచోటనే వదిలిపెట్టాలి. వాటి స్థానంలో 2023 మార్చిలో వచ్చిన కొత్త నిబంధనలు కూడా స్థూలంగా అదే పద్ధతిని కొనసాగించాయి. అదనంగా ఆ ప్రాంతంలోని కుక్కలకు తిండి పెట్టే చోటును ఏర్పాటు చేయడం నివాసుల సంఘం బాధ్యత అని స్పష్టంగా రాశాయి. ఆ చోటు మెట్లకూ, గేటుకూ, పిల్లలు ఆడుకునే స్థలానికీ దూరంగా ఉండాలి. కాబట్టి సెల్లారులో వద్దన్న మీ సంఘం మాట సబబే. కానీ ‘మరి ఎక్కడ?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా వారిదే. ఆ ప్రశ్నను మీ అబ్బాయి చేతనే ఒక అర్జీగా రాయించి సంఘానికి ఇప్పించండి. సినిమా చూసినందుకు అంతకంటే మంచి ఫలితం ఉండదు.

ఇక కుక్కపిల్ల సంగతి. పాలు మరవని పిల్లను తల్లి నుంచి విడదీయకూడదని, దాన్ని ఎత్తుకొస్తుంటే తల్లికుక్క మీద పడి కరిచే ప్రమాదం ఉందని వాడికి నచ్చజెప్పండి. దొరికినచోటికే తీసుకువెళ్లి దించేటప్పుడు ఎవరైనా పెద్దవారు వెంట ఉండాలి. కోప్పడకుండా చెబితే ఎనిమిదేళ్లవాడు ఈ మాట అర్థం చేసుకోగలడు.

మరొక్క మాట. ఆ సినిమాలో పిల్లలు మొదట వెలివేసింది కుక్కను మాత్రమే కాదు, బడికి పోవలసిన వయసులో కార్లు తుడుస్తున్న ఫట్కాను కూడా. వాడు ఎందుకు పనిచేస్తున్నాడన్న ప్రశ్న దగ్గర సినిమా కూడా ఎక్కువసేపు నిలబడదు. మీ అబ్బాయిని ఆ సంగతి అడిగి చూడండి. వాడు ఏమంటాడో నాకు కూడా రాయండి.

ప్రశ్న: 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి వీధికుక్కలు చంపిన దృశ్యం టీవీలో చూసిన తర్వాత, వీధికుక్కతో పిల్లల స్నేహం గురించి తీసిన సినిమాలను మెచ్చుకోవడం నాకు బాధ్యతారాహిత్యంగా తోస్తోంది. మీరేమంటారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: మాస్టారూ, మీ బాధతో నాకు పేచీ లేదు. తెర మీది కుక్క శిక్షకుడి సైగకు లొంగే జంతువు, వీధిలోని కుక్క ఆకలికీ భయానికీ లొంగే జంతువు. ఈ తేడాను ఆ సినిమా పిల్లలకు చెప్పదు. అందుకని సినిమాను మాన్పించడం కాదు, అది చెప్పనిదాన్ని ఇంట్లో మనం చెప్పాలి. తింటున్న కుక్కను, పిల్లలను సాకుతున్న కుక్కను ముట్టుకోకూడదు. కుక్క మీదికి వస్తే పరుగెత్తకూడదు. చేతులు ఒంటికి ఆనించుకుని, దాని కళ్లలోకి చూడకుండా, కదలకుండా నిలబడాలి. కింద పడితే ముడుచుకుని తల, మెడ చేతులతో కప్పుకోవాలి. నాలుగేళ్లవాడికి ఇవేవీ నేర్పలేము కనుక ఆ వయసు పిల్లలను వీధిలో ఒంటరిగా వదలకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, కరిచిన సంగతిని పిల్లలు దాచకుండా ఉండటం. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇప్పటికీ ఊళ్లలో పోలేదు. ఆ పాత టీకా మన దేశంలో ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు భుజానికే వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా పాటించే పద్ధతిలో 0 (అంటే మొదటి సూది వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో వేయించుకోవాలి. కరిచినా, గోరు గీరినా, గాయం మీద నాకినా, వెంటనే 15 నిమిషాల పాటు పారే నీటి కింద సబ్బుతో కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టరాదు. గాయం నుంచి రక్తం వస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ క్రిమిని ఎదుర్కొనే సిద్ధ ప్రతిరక్షకాల మందు) కూడా అవసరమవుతుంది. రేబిస్ లక్షణాలు కనబడిన తర్వాత దాదాపు చేయగలిగింది ఏమీ ఉండదు. అందువల్ల ‘రేపు చూద్దాం’ అనుకోకూడదు.

సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో ఒక కొలిక్కి రావడానికి తర్జనభర్జన పడింది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు కుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమంది. 22న దాన్ని సవరించి, రేబిస్ సోకినవీ దూకుడుగా ఉన్నవీ మినహా మిగిలినవాటిని టీకా వేసి ఉన్నచోటనే వదలమంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి పట్టినవాటిని తిరిగి అక్కడ వదలవద్దంది. బడి గేటు లోపల భిడూకు చోటు లేదన్నమాట. ఇది నాకు న్యాయంగానే తోస్తోంది.

ప్రశ్న: ఇటువంటి సినిమాల చిత్రీకరణలో పిల్లలకూ కుక్కలకూ ఏమైనా రక్షణ ఉంటుందా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: ఉంటుంది. కుక్కను వాడుకోవాలంటే జంతు సంక్షేమ బోర్డు నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి. సెన్సార్‌కు వెళ్లేటప్పుడు ఆ బోర్డు ఇచ్చిన నిరభ్యంతర పత్రం జతపరచాలి. బాల నటుల విషయంలో 2017లో సవరించిన నిబంధనల ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించరాదు, విశ్రాంతి లేకుండా వరుసగా 3 గంటలు దాటరాదు, వరుసగా 27 రోజులకు మించి పని చేయించరాదు. ఆ బిడ్డ సంపాదనలో కనీసం 20 శాతాన్ని బిడ్డ పేరు మీదనే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి.