ఆడిట్ లాగ్‌లను స్క్రిప్టుతో ఎన్‌క్రిప్ట్ చేయాలంటే ముందు తాళంచెవి సంగతి తేల్చుకోండి

అనంతపురంలోని మీ కార్యాలయంలో వెబ్‌స్ఫియర్ అప్లికేషన్ సర్వర్ (సంస్థల అప్లికేషన్లను నడిపే ఐబీఎం సాఫ్ట్‌వేర్) నడుస్తోందనీ, భద్రతా ఆడిట్ లాగ్‌లను స్క్రిప్టు ద్వారా ఎన్‌క్రిప్ట్ చేయబోతే (తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మార్చబోతే) అడ్మిన్ లాగిన్‌కు అనుమతి లేదని వస్తోందనీ రాశారు. కడపలో ఒక సహకార సంస్థ సర్వర్లను కొన్నేళ్లు చూసుకున్నవాడిగా, ఇదే పనిలో ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నవాడిగా జవాబిస్తున్నాను.

మీకు ఎదురైన తిరస్కరణ కావాలని పెట్టిన కట్టడి. వెబ్‌స్ఫియర్‌లో భద్రతా ఆడిట్ సదుపాయం 7వ వెర్షన్‌తో వచ్చింది. దానితోపాటే ‘ఆడిటర్’ అనే ప్రత్యేక పాత్ర కూడా వచ్చింది. సర్వర్‌లో ఎవరు లాగిన్ అయ్యారు, ఎవరి అధికారాలు ఎప్పుడు మారాయి అన్న వివరాలు ఆ లాగ్‌లలో ఉంటాయి కాబట్టి, అందులో అడ్మిన్ చేసిన పనులు కూడా నమోదవుతాయి. అటువంటి దస్తావేజు తాళాలు అడ్మిన్ చేతిలోనే ఉంటే ఎన్‌క్రిప్ట్ చేసి ప్రయోజనం లేదు. సహకార బ్యాంకులో స్ట్రాంగ్‌రూమ్ తలుపు మేనేజరు తాళంచెవి, క్యాషియరు తాళంచెవి రెండూ పడితేనే తెరుచుకున్నట్టు, ఇక్కడ సర్వర్ నడిపే చెయ్యి వేరు, లాగ్ చదివే చెయ్యి వేరుగా ఉండాలి. అందువల్ల మీ సంస్థలో లెక్కల తనిఖీ చూసే ఒకరికి విడిగా ఆడిటర్ పాత్ర ఇప్పించి, స్క్రిప్టును వారి లాగిన్‌తో నడపండి.

ఇక క్రమం. సర్వర్ పాలనా భద్రత, ఆడిట్ రెండూ ముందే ఆన్ అయి ఉండాలి. వెబ్‌స్ఫియర్‌ను ఆదేశాలతో నడిపే డబ్ల్యుఎస్ అడ్మిన్‌లో జైథాన్ (పైథాన్ తరహా) భాష ఎంచుకుని, అడ్మిన్‌టాస్క్ కింద ఉండే ‘క్రియేట్ ఆడిట్ కీస్టోర్’ ఆదేశంతో ఆడిట్ కోసమే ఒక కీస్టోర్ (తాళంచెవులు దాచే ఫైలు) సృష్టించండి. తర్వాత ‘క్రియేట్ ఆడిట్ ఎన్‌క్రిప్షన్ కాన్ఫిగ్’ ఆదేశానికి ఆ కీస్టోర్ గుర్తింపును, సర్టిఫికెట్ (ఎన్‌క్రిప్షన్‌కు వాడే కీ ఉన్న ధ్రువపత్రం) మారుపేరును అందించండి. అడ్మిన్‌కాన్ఫిగ్ సేవ్ చేయడం మరిచిపోతే ఇదంతా గాలికి పోతుంది. ఒకటి కంటే ఎక్కువ నోడ్లు (సర్వర్ల సమూహాలు) ఉంటే వాటిని సింక్రనైజ్ చేసి, సర్వర్లను రీస్టార్ట్ చేశాక, ‘ఈజ్ ఆడిట్ ఎన్‌క్రిప్షన్ ఎనేబుల్డ్’ అని అడిగి నిర్ధారించుకోండి.

రెండో ఆదేశంలో సర్టిఫికెట్‌ను సర్వరే తయారు చేసుకోవాలా, బయటి నుంచి దిగుమతి చేయాలా అన్న ఎంపిక ఉంటుంది. చాలామంది సులువని మొదటిది ఎంచుకుంటారు, నేనూ అదే చేశాను. అలా చేసినప్పుడు లాగ్‌ను విప్పగల ప్రైవేట్ కీ ఆ ఒక్క కీస్టోర్ ఫైలులో తప్ప మరెక్కడా ఉండదు. ఒక వేసవిలో మా సర్వర్ డిస్కు పాడై, ప్రొఫైల్‌ను (సర్వర్ అమరికలన్నిటినీ) మొదటి నుంచి కట్టుకోవలసి వచ్చింది. నేను రాసిన బ్యాకప్ స్క్రిప్టు ప్రతి రాత్రీ లాగ్ ఫోల్డరును నమ్మకంగా కాపీ చేసిందే గానీ, కాన్ఫిగరేషన్ ఫోల్డరులో ఉన్న కీస్టోర్‌ను ముట్టుకోలేదు. నాలుగు నెలల లాగ్‌లు పదిలంగా ఉన్నాయి, వాటిలో ఒక్క వరుసైనా చదవడానికి వీల్లేదు. కర్నూలు నుంచి తనిఖీకి వచ్చిన అధికారి ఒక ఉద్యోగి అధికారాలను ఫలానా తేదీన ఎవరు మార్చారని అడిగితే, లాగ్ నా ముందే ఉండి కూడా జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు పడిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

అప్పటినుంచి నేను సర్టిఫికెట్‌ను బయట తయారు చేసి దిగుమతి చేసే పద్ధతినే పాటిస్తున్నాను. దాని ప్రతులు రెండు పెన్‌డ్రైవ్‌లలో ఉంటాయి. ఒకటి మేనేజరు ఇనప్పెట్టెలో, మరొకటి వేరే ఊరి శాఖలో. పాస్‌వర్డ్ సీలు వేసిన కవరులో విడిగా, ఆడిటర్ దగ్గర ఉంటుంది.

పాస్‌వర్డ్ విషయంలో మీ స్క్రిప్టు కూడా ఒకసారి చూసుకోండి. దాన్ని ఆదేశపు వరుసలోనే టైపు చేస్తే, అదే యంత్రంలో ప్రాసెస్‌ల జాబితా చూసే వారెవరికైనా కనిపించవచ్చు, షెల్ చరిత్రలోనూ (టైపు చేసిన ఆదేశాల జాబితాలోనూ) మిగిలిపోతుంది. ఆడిటర్ లాగిన్ ఒక్కటే చదవగల ఫైలు నుంచి స్క్రిప్టు దాన్ని తీసుకోవడం మేలు. ప్రాపర్టీస్ ఫైళ్లలో ‘ఎక్స్ఓఆర్’ అన్న గుర్తుతో అర్థంకాని అక్షరాలుగా కనిపించే పాస్‌వర్డ్‌ను చూసి అది భద్రమనుకోకండి. అది కేవలం మారురూపం, ఎవరైనా నిమిషంలో వెనక్కి తిప్పగలరు.

నిల్వ గురించి కూడా ఆలోచించాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. మా దగ్గర ఒక్కో లాగ్ ఫైలు 10 మెగాబైట్లు, మొత్తం 100 ఫైళ్లు అన్న అమరిక ఉండేది. నెలాఖరు రద్దీలో ఆ హద్దు దాటి పాత ఫైళ్ల మీదే కొత్తవి పడే ప్రమాదం కనిపించింది. అందుకే నిండిన ఫైళ్లను ప్రతి రాత్రీ వేరే యంత్రానికి తరలించి, అవి చేరినట్టు చెక్‌సమ్‌తో (ఫైలు మారలేదని చూపే అంకెతో) సరిచూసిన తర్వాతే పాతవి తొలగించేలా స్క్రిప్టు మార్చాను.

ఎన్‌క్రిప్ట్ చేయడం వల్ల లాగ్‌ను ఇతరులు చదవలేరు, అంతవరకే. ఎవరైనా అందులో మార్పు చేస్తే పట్టుకోవాలంటే డిజిటల్ సంతకం కూడా కావాలి. దానికి ‘క్రియేట్ ఆడిట్ సైనింగ్ కాన్ఫిగ్’ ఆదేశం ఉంది, రెండూ కలిపి పెట్టుకోండి. వేగం తగ్గుతుందేమోనని భయపడ్డాం గానీ, మా సర్వర్‌లో చెప్పుకోదగ్గ భారమేమీ పడలేదు.

చివరగా ఒక పని మాత్రం వాయిదా వేయకండి. మూడు నెలలకోసారి పెన్‌డ్రైవ్‌లోని ప్రతిని పరీక్షా సర్వర్‌లో అమర్చి, ‘బైనరీ ఆడిట్ లాగ్ రీడర్’ ఆదేశానికి కీస్టోర్ పాస్‌వర్డ్ ఇచ్చి, ఒక పాత లాగ్‌ను ఆడిటర్ చేతనే విప్పించి చదివించండి. మేము మొదటిసారి అలా ప్రయత్నించినప్పుడు కవరులో ఉన్న పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం తప్పుగా రాసి ఉన్నట్టు బయటపడింది. అసలు కీస్టోర్ ఇంకా సర్వర్‌లోనే ఉంది కాబట్టి అప్పటికప్పుడు సరిదిద్దుకోగలిగాం.