సోఫా సెట్టు దగ్గర ఆగిన కాపురం

ప్రశ్న: మా హాలు 11 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. కాళ్లు పైకి ముడుచుకుని కూర్చునేలా లోతుగా ఉండే ఎల్ సోఫా నాకిష్టం. మావారికి మోకాళ్ల నొప్పి. నిటారుగా ఉండే చెక్క సెట్టే కొందామంటారు. ఎవరం తగ్గాలి?

జవాబు: ఎవరూ తగ్గక్కర్లేదు, సెట్టు కొనాలన్న ఆలోచన మానుకుంటే చాలు. సెట్టులో అన్ని సీట్లూ ఒకే ఎత్తు, ఒకే లోతు. మీ ఇద్దరికీ పడనిది సరిగ్గా అదే.

ముందు ఆయన కొలత తీయండి. గట్టి కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టి, వీపు నుంచి మోకాలి వెనక మడత దాకా టేపు పట్టండి. అందులో 2 అంగుళాలు తీసేస్తే ఆయనకు సరిపడే సీటు లోతు వస్తుంది. నేల నుంచి అదే మడత దాకా ఉన్నది సీటు ఎత్తు. చాలామందికి లోతూ ఎత్తూ 16-18 అంగుళాల దగ్గర తేలుతాయి. మీరు కోరే రకం సోఫాల లోతు 24 అంగుళాల పైమాటే, ఎత్తు 15-16. అంత కిందికి కూర్చుంటే మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తాయి. లేచేటప్పుడు బరువంతా వాటిమీదే పడుతుంది. కాబట్టి ఆయనది మొండితనం కాదు.

లోతు ఎక్కువైతే వీపు వెనక గట్టి దిండు పెట్టి సర్దుకోవచ్చు. ఎత్తు తక్కువైతే మాత్రం దిండుతో పని జరగదు, కూర్చోగానే అణిగిపోతుంది. అందుకే మీకు లోతైన మూడు సీట్ల సోఫా, ఆయనకు ఆయన కొలతకు సరిపోయే, చేతులున్న చెక్క కుర్చీ ఒకటి తీసుకోండి. చేతులు తప్పనిసరి, లేచేటప్పుడు ఊతం అవే. కుర్చీ మెత్తకు సోఫా గుడ్డే కుట్టిస్తే రెండూ ఒక ఇంటివిగానే కనిపిస్తాయి.

ఎల్ సోఫాయే కావాలంటే, దాని కొలతకు పాత పేపర్లు నేలమీద పరిచి టేపు అంటించండి. రెండు రోజులు చుట్టూ తిరగండి, తలుపులన్నీ పూర్తిగా తెరిచి చూడండి. నడిచే దారికి 30 అంగుళాలు, సోఫాకూ టీపాయ్‌కీ మధ్య 16-18 అంగుళాలు మిగలాలి. ఆర్డర్‌లో 'కుడి ఎల్' అని మాత్రం రాయించొద్దు. కూర్చున్నవారి కుడో, ఎదురుగా నిలబడినవారి కుడో ఒక్కో షాపులో ఒక్కో లెక్క. బొమ్మ గీయించుకోండి. ఫోమ్ సీటుకు 32 డెన్సిటీకి తగ్గొద్దు. డెన్సిటీ అంటే గట్టిదనం కాదు, ఎన్నాళ్లు కుంగకుండా ఉంటుందన్నదానికి గుర్తు. మెత్తగా ఉంటూనే 40 డెన్సిటీ ఉన్నవీ దొరుకుతాయి.

ప్రశ్న: నాకు గట్టి పరుపు, మా ఆవిడకు మెత్తటిది. మంచం 72 × 78 అంగుళాలు.

జవాబు: 36 × 78 పరుపులు రెండు పక్కపక్కన వేయండి. మందం రెండిటికీ ఒక్కటే ఉండాలి, అర అంగుళం తేడా ఉన్నా మధ్యలో గట్టు తగులుతుంది. నడుమ సందు తెలియకుండా ఒకే పెద్ద దుప్పటి బిగించి పరవండి. ఒకరు పొర్లితే రెండోవారికి కుదుపు తెలియకపోవడం అదనపు లాభం.

ప్రశ్న: మావారు పాత చెక్క బీరువా వదలనంటారు. తెల్ల రంగు వేయిస్తే ఉంచుకుందామన్నాను, ఒప్పుకోవడం లేదు.

జవాబు: రంగు విషయంలో ఆయన మాటే సరి. చెక్క రంధ్రాల్లోకి దిగిన పెయింటు మళ్లీ వదలాలంటే గీకి, ఇసుక కాగితం పట్టాల్సిందే. ముందు పిడులు మార్చి, పడగ్గదిలోకి జరిపి చూడండి. జరిపే ముందు కింద శుభ్రంగా తుడిచి, నల్ల కాగితం పరిచి వారం ఆగండి. దానిమీద సన్నటి పిండి రాలితే చెక్క తొలిచే పురుగు లోపల ఇంకా బతికే ఉండొచ్చు. మందు పట్టించేదాకా పడగ్గది చెక్క సామాను దగ్గరికి దాన్ని రానివ్వకండి.