వెనక పేజీ కూడా చదువు తల్లీ

చిట్టితల్లీ,

నువ్వు వంట చదువుకే వెళ్తున్నావని, ఫీజుకి స్కాలర్‌షిప్‌లు వెతుక్కుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "దాన్ని చెడగొట్టింది నువ్వే అన్నయ్యా" అన్నాడు. పైకి నవ్వేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు ఫాఫ్సా ఫారం నింపు, అదే అమెరికా ప్రభుత్వ చదువు సాయానికి పెట్టుకునే దరఖాస్తు. నేషనల్ రెస్టారెంట్ అసోసియేషన్ వాళ్ల ఎడ్యుకేషనల్ ఫౌండేషన్, జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ ఇచ్చే స్కాలర్‌షిప్‌లు, నీ కాలేజీ సొంతంగా ఇచ్చేవి, అన్నిటి గడువులూ రాసిపెట్టుకో. సిఫార్సు లేఖ నీ పని కళ్లారా చూసిన చెఫ్‌ని అడుగు, నెల ముందే. శనివారం రాత్రి రద్దీలో అడిగితే గరిటె విసురుతాడు. దరఖాస్తుతో పంపే వ్యాసంలో "చిన్నప్పటి నుంచీ వంటంటే ప్రాణం" అని మాత్రం రాయకు, అందరూ అదే రాస్తారు. ఒక్క షిఫ్టులో ఏం జరిగిందో రాయి, చాలు.

ఇక నా సంగతి. నాకూ స్కాలర్‌షిప్ వచ్చింది. అదెలా పోయిందో మీ నాన్నకి ఇప్పటికీ తెలియదు. ఉత్తరం మొదట్లో "అభినందనలు" అని ఉంటే పదిసార్లు చదువుకున్నాను, కాగితం తిప్పలేదు. సెమిస్టర్ మధ్యలో నేను పనిచేసే చోట గ్రిల్ కుక్ మానేశాడు. రోజూ రాత్రి నువ్వే నిలబడాలన్నారు. కాదనలేకపోయాను. నిజం చెప్పొద్దూ, గొప్పగానే అనిపించింది. పొద్దున 8 గంటలకి వంటల ఖర్చు లెక్కలు నేర్పే క్లాసులో ఒకటే కునుకు. ఒక్క సబ్జెక్టే కదా అని వదిలేశాను. ఫుల్‌టైమ్‌కి కావాల్సిన 12 క్రెడిట్లు 9 అయ్యాయి. స్కాలర్‌షిప్ రెండో విడత డబ్బు ఆగిపోయింది. పాత్రలు కడిగే సింకు పక్కన నిలబడి, ఏప్రన్ జేబులోంచి ఆ పాత ఉత్తరం తీశాను. నూనె వేళ్లు తగిలిన చోట అవతలి అక్షరాలు ఇవతలికి కనబడ్డాయి: ప్రతి సెమిస్టరూ ఫుల్‌టైమ్ చదవాలి. 2 ఏళ్ల కోర్సు నాకు 5 ఏళ్లు పట్టింది.

అందుకే, సబ్జెక్టు వదలాలనిపిస్తే ముందు కాలేజీలో డబ్బు సాయం సంగతి చూసే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి పరిగెత్తు. బయటి స్కాలర్‌షిప్ వస్తే కాలేజీ తన సాయం తగ్గిస్తుందేమో కూడా అక్కడే అడుగు. గది అద్దెకి వాడిన స్కాలర్‌షిప్ డబ్బు మీద పన్ను పడొచ్చు. రాత్రి షిఫ్టులు మాత్రం వద్దమ్మా, ఎంత బతిమాలినా సరే.

కాలి సైజు పంపు. జారని బూట్లు నేను కొంటాను, వాటికి వ్యాసం రాయక్కర్లేదు.

మీ పెదనాన్న