ఫియోర్డు ఒడ్డున పాత చెక్క హోటల్లో బస: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ ఓస్లోలో ఉంటున్నారు. వచ్చే జూన్‌లో మమ్మల్ని రమ్మని, నార్వే పశ్చిమ తీరాన ఫియోర్డు (కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయ) ఒడ్డున ఉన్న, నూరేళ్ళు దాటిన ఒక చెక్క హోటల్లో రెండు రాత్రులు ఉంచుతామని అంటున్నారు. మామూలు హోటలుకంటే దానికి చాలా ఎక్కువ పుచ్చుకుంటారట. మావారేమో "నడిస్తే కిర్రుమనే మేడ మా ఊళ్ళోనే ఉంది, దానికి అంత డబ్బు పోయడమెందుకు?" అంటున్నారు. మేమిద్దరం శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. ఆ బస అంత ఖర్చుకు తగినదేనా? గది ఎంచుకునేటప్పుడు ఏమేమి చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: అమ్మా, మీవారి మాటలో సగం నిజముంది కనుక ముందు ఆ సగం సంగతే చెబుతాను. పాత చెక్క హోటల్లో గదిని గదిగా మాత్రమే చూస్తే, మీరిచ్చే డబ్బుకు అది తక్కువే. వైశాల్యం చిన్నది, గోడలు పలచన, పక్కగదిలో పెద్దాయన దగ్గితే మీకు వినబడుతుంది. మంచం మీద ఇద్దరికీ కలిపి ఒకే దుప్పటి పరచకుండా, ఎవరి బొంత వారికి విడిగా మడిచి పెడతారు. ఇది నార్వే అంతటా ఉన్న పద్ధతే తప్ప మీ దంపతుల మధ్య తగవేదో పసిగట్టి చేసిన ఏర్పాటు కాదు. గదిలోనే కాలం గడిపేవారైతే కొత్త హోటలుకే వెళ్ళడం మంచిది. ఇక్కడ డబ్బుకు ఫలితం దక్కేది కింది హాళ్ళలో, నీటికి ఎదురుగా ఉన్న వసారాలో, వాకిట్లోని పడవల రేవులో.

ఆ హోటళ్ళు అలాంటి చోట్ల ఎందుకు వెలిశాయో తెలిస్తే ఈ సంగతి ఇంకా బాగా బోధపడుతుంది. మంచుయుగంలో హిమానీనదాలు కొండలను తొలుచుకుంటూ పోయిన లోయల్లోకి తర్వాత సముద్రం చొరబడితే ఏర్పడిన పాయలే ఫియోర్డులు. నార్వేలో ఉన్నవాటిలో పెద్దదైన సోగ్నె ఫియోర్డు లోపలికి 205 కిలోమీటర్ల దూరం వెళుతుంది. అన్నిటికంటే లోతైన చోట 1,308 మీటర్లు దిగుతుంది. రెండు పక్కలా కొండలు గోడల్లా నిలబడి ఉండడంతో రోడ్లు వేయడం కష్టమై, చాలాకాలం నీటి దారే వారికి రాజమార్గమైంది. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో ఆవిరి పడవలు తిరగడం మొదలయ్యాక, సాల్మన్ చేపలు పట్టుకునే సరదాతోనూ కొండలెక్కే ఉత్సాహంతోనూ ఇంగ్లండు నుంచి డబ్బున్నవాళ్ళు వేసవుల్లో రాసాగారు. పడవ ఆగిన రేవులోనే వారికి బస కావలసివచ్చింది. అందుకే ఆ కాలపు హోటళ్ళలో చాలావాటికి ముఖం నీటివైపే ఉంటుంది. కారులో వెళ్ళేవాళ్ళు ఒకరకంగా పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చినట్టే. వీలైతే మీ అల్లుడిగారితో చెప్పి, చివరి మజిలీ అయినా పడవ మీద చేరేటట్టు ఏర్పాటు చేయించుకోండి.

మీ అమ్మాయి ఏ హోటలు అనుకుంటున్నదో మీరు రాయలేదు కాబట్టి, సోగ్నె ఫియోర్డు ఒడ్డున బాలెస్ట్రాండ్ అనే చిన్న ఊళ్ళో ఉన్న క్విక్నెస్ హోటలును ఉదాహరణగా తీసుకుంటాను. క్విక్నె కుటుంబం 1877లో అక్కడ అతిథిగృహాన్ని చేపట్టింది. ఇప్పుడు అందరూ ఫొటోలు తీసే తెల్లటి చెక్క భవనం, అంతస్తుకొక వరండాతో, 1913 నాటిది. జర్మనీ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ 1889 నుంచి 1914 దాకా దాదాపు ప్రతి వేసవిలోనూ నార్వే తీరానికి తన ఓడలో విహారానికి వచ్చేవాడు. ఆయనకు ఇష్టమైన చోట్లలో బాలెస్ట్రాండ్ ఒకటి. 1914 జూలైలో సెర్బియాకు ఆస్ట్రియా తుది హెచ్చరిక ఇచ్చిన సమయానికి కూడా ఆయన ఇక్కడే ఉన్నాడు. 25వ తేదీన విహారం చాలించి ఓడను స్వదేశానికి తిప్పించాడు. మరికొద్ది రోజుల్లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయింది. ఆయన కూర్చున్న కుర్చీ అంటూ ఆ హోటల్లో ఒకటి చూపిస్తారు. చక్రవర్తి కుర్చీకంటే నాకు అక్కడి హోయ్విక్ హాలు మీదే మక్కువ. ఐవర్ హోయ్విక్ అనే శిల్పి చెక్కిన పనితనం అందులో ఉంది. వైకింగుల కాలపు అలంకారాలను ఆదర్శంగా తీసుకుని, తలలూ తోకలూ ఒకదానిలో ఒకటి అల్లుకుపోయిన డ్రాగన్లను బల్లల మీదా కుర్చీల మీదా మలిచాడు. మన ఆలయ స్తంభాల మీది యాళి బొమ్మలను చూసి పెరిగిన కళ్ళకు అవేమీ పరాయివిగా తోచవు.

ఇక గది విషయం. ఇలాంటి హోటళ్ళలో పాత చెక్క భవనాన్ని ఆనుకుని తర్వాతి కాలంలో కట్టిన కాంక్రీటు భాగం తరచుగా ఉంటుంది; క్విక్నెస్‌లోనూ ఉంది. ముద్రించిన బొమ్మలన్నీ పాత భవనానివి, దొరికే గది కొత్త భాగంలోది అయ్యే అవకాశం తక్కువేమీ కాదు. వేరొక ఊళ్ళో, పేరు చెప్పను, నాకే ఇది అనుభవం. "చారిత్రక హోటలు" అన్న మాట చూసి డబ్బు ముందే కట్టి వెళితే, ఇచ్చింది వెనకవైపు గది. కిటికీ తీస్తే కార్లు నిలిపే స్థలం, దాని పక్కనే చెత్తడబ్బాలు! ఫియోర్డు చూడాలంటే చెప్పులేసుకుని కిందికి దిగవలసివచ్చింది. కనుక గది తీసుకునేటప్పుడే మూడు సంగతులు రాతపూర్వకంగా అడగమనండి: గది పాత భవనంలోదేనా, కిటికీ నీటివైపేనా, ఆ అంతస్తు దాకా లిఫ్టు వస్తుందా? మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి చివరి ప్రశ్నే మొదటిది.

జూన్‌లో ఆ ప్రాంతాన సూర్యుడు అస్తమించేది రాత్రి సుమారు పదకొండు గంటలకు. ఆ తర్వాత కూడా పూర్తి చీకటి పడదు, తెల్లవారుజామున ఉండేటటువంటి వెలుగు రాత్రంతా నిలిచి ఉంటుంది. చుట్టూ కొండలు ఉండడంతో సూర్యబింబం మాత్రం చాలా ముందే కనుమరుగవుతుంది. మీవారికి సంధ్యావందనం అలవాటుంటే సాయంసంధ్య ఎప్పుడన్నది పెద్ద చిక్కే. పురోహితులను అడిగి బయలుదేరడం ఉత్తమం. నిద్రకు కళ్ళగంతల వంటి ముసుగు ఒకటి సంచిలో వేసుకోండి. గొడుగుకంటే తల మీదికి కప్పుకునే వానకోటు మేలు, ఎందుకంటే పశ్చిమ తీరంలో వానకు వేళాపాళా ఉండదు, దాని వెంట గాలి కూడా వస్తుంది. వాన కురిసిన మధ్యాహ్నం ఆ వసారాలో కూర్చుని ఎదుటి కొండ మబ్బులో కలిసిపోవడం, కాసేపటికి దాని మీద అంతకుముందు లేని జలపాతాలు తెల్లటి దారాల్లా వేలాడడం చూస్తే, రెండో రాత్రి ఎందుకు ఉండాలో మీవారికి నేను చెప్పనక్కరలేదు. ఒక్క రాత్రికి వెళితే వచ్చిన సాయంత్రం పెట్టె విప్పడం, మర్నాడు పొద్దున్న సర్దడంతోనే సరిపోతుంది.

తిండి సంగతి మీరు భయపడినంత కష్టం కాదు గానీ, ముందుగా చెప్పకపోతే కష్టమే. పొద్దుటి ఫలహారం సాధారణంగా బస ఖర్చులోనే కలిసి ఉంటుంది: రకరకాల రొట్టెలు, అప్పడంలా విరిగే రై రొట్టె, వెన్న, పెరుగు, జామ్, పళ్ళు, వాటి పక్కనే ఊరవేసిన హెర్రింగ్ చేపలు. ఆ బల్ల మీద గోధుమరంగు బెల్లపు అచ్చులాంటిది ఒకటి కనిపిస్తుంది. దాన్ని బ్రూనోస్ట్ అంటారు. జున్ను (చీజ్) తీశాక మిగిలిన తేటను, పాలూ మీగడా కలిపి, నీరంతా ఇగిరి రంగు తిరిగేదాకా మరిగించి చేస్తారు. రుచి మన దూద్‌పేడకు కొంచెం ఉప్పు తగిలినట్టు ఉంటుంది. దాన్ని కత్తితో కోయరు. చదునైన అలుగుకు మధ్యలో చీలిక ఉన్న చిన్న పరికరాన్ని పైన పెట్టి మీదికి లాగితే, చిత్రిక పట్టినప్పుడు చెక్క పేడు లేచినట్టు పలచటి రేకు చుట్టుకుంటూ లేస్తుంది. 1925లో ఆ పరికరాన్ని తయారుచేసిన థోర్ బ్యోర్క్‌లుండ్ నిజంగానే వడ్రంగి. లిల్లెహామర్ ఊరివాడు, తన తోపడను చూసే దాన్ని రూపొందించాడు. అయితే జున్ను కోసం పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడే పద్ధతి ఐరోపాలో ఉంది కాబట్టి, ఆ పట్టింపు ఉన్నవారు జున్ను, దాని తేటతో చేసినవీ వదిలేయవలసిందే.

రాత్రి భోజనానికి చిన్న హోటళ్ళలో అందరికీ ఒకే వరుసలో వంటకాలు వడ్డిస్తారు. "శాకాహారులం" అని రాస్తే సరిపోదు; చేప, మాంసం, వాటిని ఉడికించిన నీరు, గుడ్డు ఏదీ కూడదని వివరంగా రాసి, కనీసం వారం ముందు పంపండి. హృదయం ఆకారంలో ఉండే వాఫుల్స్ ఎక్కడ చూసినా నోరూరిస్తాయి గానీ వాటిలో గుడ్డు పడుతుంది. పుల్లటి మీగడ, పిండి, పాలు కలిపి కాచి, పైన చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లి ఇచ్చే రోమ్మెగ్రోట్ అనే జావ మీకు సరిపోతుంది. దాని పక్కన ఎండుమాంసం పెట్టడం ఆనవాయితీ, అది వద్దని చెప్పండి.

ప్రశ్న: ఉద్యోగరీత్యా నార్వే పశ్చిమ తీరంలోని బెర్గెన్ వెళుతున్నాను. పని అయ్యాక ఒక పగలు, ఒక రాత్రి మిగులుతాయి. మీరు పోయినసారి ఒక వాక్యంలో ప్రస్తావించిన బాలెస్ట్రాండ్ హోటలును పగటిపూట చూసి వెనక్కి రావచ్చా? అంతకంటే పాతవి ఉన్నాయా?
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: బెర్గెన్ నుంచి బాలెస్ట్రాండ్‌కు వేగంగా వెళ్ళే పడవలోనే సుమారు నాలుగు గంటలు. పగలు వెళ్ళి రావడమంటే పడవలో కూర్చున్నంతసేపు కూడా ఊళ్ళో ఉండరు. రాత్రి అక్కడే ఉండి, పొద్దున్నే రేవుకు దగ్గర్లోని సెయింట్ ఓలాఫ్ చర్చి చూసి తిరిగి రండి. హోటలు యజమానిని పెళ్ళాడిన మార్గరెట్ గ్రీన్ అనే ఇంగ్లీషావిడ జ్ఞాపకార్థం 1897లో చెక్కతో కట్టిన ఆ చిన్న చర్చి, ఈ ఊరికి ఇంగ్లండుతో ఉన్న బంధాన్ని ఏ ఫలకంకంటే బాగా చెబుతుంది.

పాతదనమే ముఖ్యమైతే, సోగ్నె ఫియోర్డులోని ఒక పాయ ఒడ్డున, సోల్‌వోర్న్ అనే ఊళ్ళో వాలాకర్ హోటలు ఉంది. అక్కడ బాటసారులకు బస ఇవ్వడం 1640లో మొదలయిందని చెబుతారు. 1690 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. పడవ దాటించి, గుర్రం మార్చి, పూట భోజనం పెట్టే మజిలీ అది. మన బాటల పక్కన ఉండిన సత్రాలకు చుట్టమే. సత్రాలు దాతల మాన్యాల మీద నడిచాయి, ఇది కాసుల మీద నడిచింది, అదే తేడా. సోల్‌వోర్న్ రేవు నుంచి చిన్న ఫెర్రీలో అవతలి గట్టుకు దాటితే, 12వ శతాబ్దంలో కట్టిన ఉర్నెస్ చెక్క చర్చి ఉంది. యునెస్కో 1979లోనే దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మీకున్న ఒక్క రోజులో మాత్రం ఇది కుదరదు. మరోసారి ఓస్లోవైపు నుంచి వెళితే మిర్డాల్‌లో రైలు మారి, 20 కిలోమీటర్ల దారిలో 866 మీటర్లు దిగే ఫ్లోమ్ రైలెక్కి ఫియోర్డు చేరండి. ఊటీ రైలులా దానికి పళ్ళచక్రం లేదు, మామూలు పట్టాల మీదే దిగుతుంది.

ఫియోర్డు కాకపోయినా ఫరవాలేదంటే, టెలెమార్క్ ప్రాంతంలో బాండాక్ సరస్సు చివర డాలెన్ హోటలు ఉంది. హాల్డోర్ బ్యోర్వె అనే వాస్తుశిల్పి కట్టించిన ఈ 1894 నాటి భవనం కప్పుల అంచున డ్రాగన్ తలలు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. షియెన్ పట్టణం నుంచి 105 కిలోమీటర్ల జలమార్గంలో 18 లాకులు దాటుకుంటూ, 72 మీటర్ల ఎత్తుకు ఎక్కుతూ పడవ అక్కడికి చేరేసరికి రోజంతా పడుతుంది. ధవళేశ్వరం లాకుల్లో పడవ మెల్లగా లేవడం చూసిన గోదావరివాళ్ళు ఆ ప్రయాణంలో విసుక్కోరు. బకింగ్‌హామ్ కాలువ పక్కన ఉండే మన చెన్నైవాసులకు మాత్రం కాలువ మీద పడవ ప్రయాణమన్న మాటే వింతగా ఉంటుందేమో. ఈ హోటళ్ళలో చాలావాటిని చలికాలంలో మూసేస్తారు, తేదీలు చూసుకునే బయలుదేరండి.

ప్రశ్న: గదిలో చిన్న రైస్ కుక్కర్ పెట్టుకుని అన్నం వండుకోనిస్తారా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: వండకండి. రంధ్రం లేకుండా రంగు పూసిన ఆ గోడల లోపల ఉన్నదంతా నూరేళ్ళు ఎండిన కలప. 1904 జనవరి 23 తెల్లవారుజామున నార్వేలోని ఓలెసున్ పట్టణంలో అగ్గి పుడితే, సుమారు 850 ఇళ్ళు బూడిదై దాదాపు పదివేలమంది నడిచలికాలంలో వీధిన పడ్డారు. ఆ దేశంలో చెక్క భవనాల్లో పొగకు మోగే గంటల విషయంలో ఎవరూ సర్దుకుపోరు. కుక్కర్ ఆవిరికి ఆ గంట మోగితే రాత్రి దుస్తుల్లో ఉన్న అతిథులంతా పచ్చికలో నిలబడతారు. అటుకులు, పులిహోర పొడి తీసుకువెళ్ళి, వేడినీళ్ళు కింద వంటింట్లో అడిగి తెచ్చుకోండి. ఫలహారపు బల్ల మీది రొట్టెలను మాత్రం అడగకుండా పొట్లం కట్టకండి. దారి భోజనానికి కావాలంటే మత్‌పక్కె అని అడగండి; కొంత రుసుము తీసుకుని, కట్టుకోవడానికి కాగితం వాళ్ళే ఇస్తారు.